పసిబిడ్డకు పక్కతొట్టి – కొనేముందు కొలవండి

(మన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకొనే వానికి ఉయ్యాల తొట్ల సంగతి ఎందుకని మీరు అనుకోవచ్చు. కార్యదర్శి గారు నన్ను పిల్లల చదువు గురించే మాట్లాడమన్నారు. చదువు గురించి ప్రతి ఏడూ మాట్లాడుతూనే ఉన్నాము. ఈసారి బిడ్డ చదువుకొనే వయసు దాకా క్షేమంగా చేరే సంగతి చెబుతానని వారి దగ్గర అనుమతి తీసుకొన్నాను. నేను డాక్టరును కాను. పుస్తకాల్లో చదివినవి, డాక్టరు గారిని అడిగి తెలుసుకొన్నవి, మా ఇంట్లో జరిగిన దానివల్ల బుద్ధి తెచ్చుకొన్నవి, ఇవి మాత్రమే చెబుతాను.

ముందు మా ఇంటి సంగతి. మా పెద్దమ్మాయి కాన్పుకు మా ఇంటికి వచ్చింది. ఆడబిడ్డ పుట్టింది. అల్లుడు కువైట్‌లో ఉన్నాడు. బిడ్డకు ఝూలా పుట్టింటివారే పెట్టాలని మా ఇళ్ళలో ఆనవాయితీ. అల్లుడు ఫోనులో ఒక ఫోటో పంపినాడు. తల్లి మంచానికి ఆనించి వేసే తొట్టి అది. మంచం వైపు పక్క తెరిచి ఉంటుంది. తల్లి రాత్రి లేచి నిలబడకుండానే బిడ్డను దగ్గరకు తీసుకొని పాలివ్వవచ్చు. దుకాణాల్లో బెడ్‌సైడ్ క్రిబ్ అంటారు. మనం పక్కతొట్టి అందాము. వియ్యపురాలు గారు ఏమంటారో అన్న భయం కూడా ఉంది కదా, దాచడమెందుకు! అప్పు చేసి మరీ కొన్నాను. తెల్లని రంగు, చుట్టూ మెత్తని దిండ్లు, పైన కుచ్చుల తెర. చూసినవారంతా మెచ్చుకొన్నారు.

బిడ్డకు 2 నెలలు నిండినాయి. ఒకనాటి రాత్రి మూడు గంటల వేళ మా అమ్మాయి పాలిచ్చి, బిడ్డను తొట్టి అంచునే పడుకోబెట్టి, స్నానాల గది వైపు వెళ్ళింది. ఆమె లేచేటప్పుడు నున్నని టైల్స్ మీద మంచం కాస్త జరిగింది. చీకట్లో ఆమెకు తెలియలేదు. అదే గదిలో కింద పడుకొన్న మా అమ్మకు బిడ్డ మూలుగు వినబడింది. లేచి తడిమి చూస్తే బిడ్డ కాళ్ళు తన్నుకొంటూ జరిగి, తొడ వరకు మంచానికి తొట్టికి మధ్యన సందులోకి దిగిపోయి ఉంది. అమ్మ వెంటనే ఎత్తుకొంది. బిడ్డకు ఏమీ కాలేదు. కాని ఇంకొక పది నిమిషాలు అమ్మకు మెలకువ రాకపోతే ఏమయ్యేదో నేను చెప్పనక్కరలేదు.

తెల్లవారి బడి స్కేలు తీసి ఆ సందు కొలిచినాను. 9 సెంటీమీటర్లు. తొట్టిని మంచానికి కట్టే పట్టీలు అట్టపెట్టెలోనే ఉన్నాయి, విప్పలేదు కూడా. "అవి అక్కరలేదు సార్, ఆనించి పెడితే చాలు" అని దుకాణం అబ్బాయి అన్నాడు. అతడి తప్పు సగం. ఎలా వాడాలో చెప్పే కాగితం మడత విప్పకుండా పారవేసిన నా తప్పు సగం. పరీక్షలో ప్రశ్న చదవకుండా జవాబు రాసే పిల్లలను ఇరవై ఏళ్ళుగా తిడుతున్నవాణ్ణి నేను.

ఆ పొద్దు మా అమ్మ టీ కూడా ముట్టలేదు. ఎందుకో నాకు తెలుసు. నాకు ఏడేళ్ళప్పుడు మా తమ్ముడు, మూడు నెలల బిడ్డ, చలికాలంలో ఒక రాత్రి నిద్రలోనే పోయినాడు. అమ్మ పక్కనే పడుకొని ఉన్నాడు. వచ్చినవాళ్ళలో కొందరు గాలి సోకిందన్నారు. కొందరు, తల్లి నిద్రలో మీద పడి ఉంటుందన్నారు. ఆ రెండవ మాట మా అమ్మ ఇన్నేళ్ళుగా మోస్తూ ఉంది. మేము పిల్లల డాక్టరు గారిని అడిగితే ఆయన ఏమన్నారంటే, ఇటువంటి మరణాల్లో ఎంత పరీక్ష చేసినా కారణం దొరకనివి ఉన్నాయి, తెలియని దానికి తల్లి మీద నేరం మోపే హక్కు ఎవరికీ లేదు అన్నారు. ఆ మాట ఇంటికి వచ్చి అమ్మకు చెప్పినాను. ఈ సభలో కూడా చెబుతున్నాను. ఇక్కడ నేను చెప్పేదంతా ముందు జాగ్రత్త కోసమే గాని, గడిచిపోయినదానికి ఏ తల్లినీ వేలెత్తి చూపడానికి కాదు.

ఇక అసలు విషయం. రాత్రి పడక ఎలా ఉండాలో నాలుగు మాటల్లో గుర్తు పెట్టుకోండి: చదును, గట్టి, ఖాళీ, దగ్గర.

చదును అంటే, తల వైపు ఎత్తు లేకుండా సమంగా ఉండాలి. పసిబిడ్డ మెడలో బలం ఉండదు. వాలుగా పడుకోబెడితే తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుతుంది, గాలి పోయే దారి నొక్కుకొంటుంది. అమెరికాలో 10 డిగ్రీలకు మించి వాలు ఉండే నిద్ర తొట్లను, తొట్టి చుట్టూ కట్టే మెత్తని దిండ్లను 2022లో చట్టం చేసి నిషేధించినారు. మేము డబ్బు పోసి కొన్న ఆ అందమైన చుట్టు దిండ్లు అటువంటివే. నేనే విప్పి అటక మీద పడవేసినాను.

గట్టి అంటే, చేతితో నొక్కి తీస్తే పరుపు గుంట పడకుండా వెంటనే సమం కావాలి. మెత్తని పరుపులో ముఖం కూరుకొంటే బిడ్డ విడిచిన గాలినే మళ్ళీ పీలుస్తుంది. తల తిప్పుకొనే శక్తి దానికి లేదు. పెద్దవారికి మెత్తన సుఖం, పసివారికి గట్టిదే క్షేమం.

ఖాళీ అంటే, తొట్టిలో బిడ్డ తప్ప వేరే ఏమీ ఉండరాదు. దిండు, బొంత, బొమ్మ, మడతపెట్టిన దుప్పటి ఏదీ వద్దు. బిగుతుగా పరిచిన ఒక గుడ్డ చాలు. తల గుండ్రంగా రావాలని మన ఇళ్ళలో ఆవాల దిండు పెడతారు. అది కూడా వద్దనే డాక్టర్ల మాట. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు, మనం ఎదుట కూర్చొని కాసేపు బోర్లా పడుకోబెట్టి ఆడిస్తే, తల ఒకే వైపు ఒత్తుకుపోకుండా ఉంటుంది. మెడకు బలం కూడా వస్తుంది.

దగ్గర అంటే, చేయి చాపితే అందేంత దూరం. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022లో ఇచ్చిన సలహా ప్రకారం కనీసం మొదటి 6 నెలలు బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే, కాని వేరే పడక మీద పడుకోవాలి. వేరే గదిలో వద్దు, పెద్దల పరుపు మీదా వద్దు. ఈ రెంటికీ మధ్య దారి పక్కతొట్టి. అందుకే అది మంచి వస్తువే. సరిగా కడితేనే మంచిది.

ఈ నాలుగింటితో పాటు ఇంకొక మాట: వెల్లకిలా. ప్రతి నిద్రకూ, పగలైనా రాత్రయినా, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. "పాలు కక్కితే గొంతులోకి పోదా మాస్టారూ?" అని మా వీధిలో ఒక అవ్వ అడిగింది. మంచి ప్రశ్న. వెల్లకిలా ఉన్నప్పుడు గాలి గొట్టం పైన, ఆహార గొట్టం కింద ఉంటాయి. పైకి వచ్చిన పాలు తేలిగ్గా గాలి గొట్టంలోకి ఎక్కవు. బోర్లా పడుకోబెడితే ఇది తారుమారవుతుంది. ఇంగ్లండులో 1991లో, అమెరికాలో 1994లో ఈ ఒక్క మాటను ఊరూరా ప్రచారం చేసినారు. తరువాతి సంవత్సరాల్లో నిద్రలో కారణం తెలియక పోయే పసిబిడ్డల సంఖ్య ఆ దేశాల్లో సగానికి పైగా తగ్గింది. మందు కాదు, మిషను కాదు, పడుకోబెట్టే తీరు!

ఇప్పుడు దుకాణానికి పోదాము. జేబులో టేపు పెట్టుకొని పోండి. రంగు తరువాత, ముందు కొలతలు.

ఒకటి, కటకటాల సందు. కమ్మీకి కమ్మీకి మధ్య 6 సెంటీమీటర్లకు మించరాదు. అంతకు మించితే బిడ్డ నడుము జారిపోతుంది, తల మాత్రం ఇరుక్కుంటుంది. రెండు, పరుపుకు తొట్టి గోడకు మధ్య రెండు వేళ్ళు దూరితే ఆ పరుపు దానిది కాదు. బయట విడిగా కొన్న పరుపు వేయరాదు. మూడు, మంచానికి తొట్టికి మధ్య సందు అసలే ఉండరాదు. తొట్టి ఎత్తు మీ మంచం ఎత్తుకు సరిపోవాలి. కాబట్టి ఇంటి దగ్గర నేల నుంచి పరుపు పైభాగం దాకా కొలిచి, చీటీ మీద రాసుకొని పోండి. నాలుగు, పట్టీలు. రెండు పట్టీలతో మంచానికి బిగించి, గట్టిగా లాగి చూడాలి. నులక మంచానికి, పట్టె మంచానికి ఈ పట్టీలు అన్నీ నిలవవు. నిలవకపోతే పక్క మూసి, మామూలు తొట్టిలా ఒక అడుగు ఎడంగా వేసుకోండి. తెరిచి ఉంచి ఆనించడం కంటె అది వెయ్యి రెట్లు నయం.

అయిదు, తెరిచిన వైపు కూడా కొంత అడ్డం ఉండాలి. యూరప్ దేశాల 2019 నాటి ప్రమాణం, ఇ.ఎన్. 1130, తల్లి వైపు కనీసం 12 సెంటీమీటర్ల అడ్డం ఉండాలని చెబుతుంది. పూర్తిగా చదునుగా తెరుచుకొనేవి కొనకండి. ఆరు, పక్క కిందికి జారే పాతకాలపు తొట్లు. గల్ఫ్ నుంచి వచ్చేవారు, బంధువులు ప్రేమతో ఇస్తారు. కొక్కెం ఊడి పక్క వేలాడి, ఆ సందులో బిడ్డలు చిక్కుకొన్నందువల్లనే 2011 జూన్ 28 నుంచి అమెరికాలో వాటి అమ్మకం ఆపివేసినారు. పాతది ఏదైనా తీసుకొంటే ప్రతి మర, ప్రతి కీలు చూసుకోండి. ఒక్క మర తక్కువైనా వద్దు.

ఇంకొక సంగతి. పక్కతొట్టి ఎక్కువ కాలం వచ్చేది కాదు. బిడ్డ చేతులు మోకాళ్ళ మీద లేవడం మొదలు పెట్టగానే దాని పని అయిపోయింది. కొందరికి అయిదో నెలలోనే అవుతుంది. అప్పుడు గోడలు ఎత్తుగా ఉన్న తొట్టికి మార్చాలి. అయిదారు నెలల వస్తువు కోసం నాలాగా అప్పు చేయడం తెలివి కాదు.

మన ఆచారాల గురించి పెద్దలు కోపగించుకోకుండా వినాలి. చీర ఉయ్యాల మన నానీలు, దాదీలు ఊపినది. మనమంతా అందులోనే పెరిగినాము. ఏడ్చే బిడ్డను ఎదుట కూర్చొని కాసేపు ఊపండి. అయితే గుడ్డలో బిడ్డ వంగి ముద్దగా ఉంటుంది, ముఖానికి గుడ్డ తగులుతుంది. అందుకని నిద్ర పట్టగానే చదును పడక మీదికి మార్చండి. రాత్రంతా అందులో వద్దు. మెడలో నల్లదారం, తావీజు దారం పడుకొనేటప్పుడు తీసి గోడ మేకుకు తగిలించండి. సాంబ్రాణి పొగ తొట్టి దగ్గర వద్దు. బీడీ, సిగరెట్ పొగ ఆ ఇంట్లోనే వద్దు. ఇది మగవారికి చెబుతున్నాను. మన ఎండల్లో బిడ్డకు టోపీ పెట్టి, రెండు దుప్పట్లు చుట్టడమూ ప్రమాదమే. మెడ వెనుక చేయి పెట్టి చూడండి, చెమట ఉంటే ఒక బట్ట తగ్గించండి.

తొట్టి కొనే శక్తి లేనివారు ఏం చేయాలి? ఫిన్లాండు దేశంలో 1938 నుంచి పేద తల్లులకు, 1949 నుంచి తల్లులందరికీ బిడ్డ బట్టలతో ఒక అట్టపెట్టె ఇచ్చే ఏర్పాటు చేసినారు. అడుగున చిన్న గట్టి పరుపు ఉంటుంది. ఎందరో బిడ్డల మొదటి పడక ఆ పెట్టే. కాబట్టి సొగసులో క్షేమం లేదు. ఒకే గదిలో అందరూ కింద పడుకొనే ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. అక్కడ తల్లి పక్కన చేయి అందే దూరంలో పలచని గట్టి పరుపు విడిగా వేసి, గోడ సందుకు, ఇతర పిల్లలకు దూరంగా, దోమతెర ముఖానికి తగలకుండా కట్టి పడుకోబెట్టండి. అలసిన తల్లి పాలిస్తూ నిద్రపోవడం సహజం. మెలకువ రాగానే బిడ్డను దాని పడకలోకి మార్చండి. సోఫాలో, కుర్చీలో మాత్రం బిడ్డను పట్టుకొని నిద్రపోకండి, అది అన్నిటికంటె ప్రమాదం. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డల విషయం డాక్టరు గారినే అడగండి.

చివరగా ఒక విన్నపం. ఝూలా పెట్టలేదని ఆడపిల్ల తల్లిదండ్రులను చిన్నచూపు చూడకండి. మన సొసైటీ తరఫున నాలుగైదు సాదా తొట్లు కొని, అవసరమైన ఇళ్ళకు ఆరు నెలలకు ఇచ్చి, తిరిగి తీసుకొని, మరలు సరిచూసి ఇంకొకరికి ఇచ్చే ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. తనిఖీ పని నాకు అప్పగించండి. స్కేలు నా దగ్గరే ఉంది.

మా మనుమరాలు ఇప్పుడు గోడ పట్టుకొని నడుస్తోంది. మా అమ్మ దాని వెనకే తిరుగుతోంది. ఆ తొట్టి మడిచి ఉంది, పట్టీలు దానికే కట్టి పెట్టినాను. కావలసిన వారు వచ్చి తీసుకొని పోవచ్చు. ఎలా వాడాలో నేను దగ్గరుండి చూపిస్తాను.