చేను తడిపిన నీరు ఎక్కడికి పోతోంది?

(సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సాగునీరు అనగానే మనం అడిగేవి మూడే: ఎప్పుడొస్తుంది, ఎంతొస్తుంది, చివరి భూములకు అందుతుందా? చేను తడిపాక మిగిలిన నీరు ఎక్కడికి పోతోందని మాత్రం అడగం. అలా అడగకపోతే ఏమవుతుందో అమెరికాలోని కాలిఫోర్నియా రైతులు చూశారు. ఆ కథ మొదట విన్నప్పుడు, పక్షుల గొడవ మనకెందుకులే అని మేమూ అనుకున్నాం. అది పక్షులతో ఆగలేదు.

అక్కడ శాన్ వాకీన్ లోయలో వాన తక్కువ, కాలువ సాగు ఎక్కువ. పడమటి భూముల్లో అడుగున బంకమట్టి పొర. నీరు కిందికి ఇంకక వేళ్ళ దాకా ఊరుతుంది, ఉప్పు పైకి తేలుతుంది. అందుకని పొలాల కింద గొట్టాలు వేసి, ఆ నీటిని పెద్ద మురుగు కాలువలోకి మళ్ళించారు. సముద్రం వైపు పోవాల్సిన ఆ కాలువ డబ్బు చాలక, దిగువ వాళ్ళ అభ్యంతరాల వల్ల సుమారు 136 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయింది. నీటిని కెస్టర్సన్ అనే చోట 12 చెరువుల్లోకి వదిలారు. అది వలస పక్షుల ఆశ్రయం కూడా. 1981 నాటికి అక్కడికి చేరేదంతా దాదాపు పొలాల మురుగు నీరే.

ఆ లోయ పడమటి కొండల రాళ్ళు ఒకనాడు సముద్రం అడుగున ఏర్పడినవి. వాటిలో సెలీనియం అనే మూలకం ఉంది. అది ఎవరో చల్లిన మందు కాదు, ఏ ఫ్యాక్టరీయో వదిలినదీ కాదు. తడులు పెట్టేకొద్దీ మట్టిలోంచి కరిగి నీటితో దిగింది. చెరువులో నాచుకు, నాచు నుంచి పురుగులకు, చేపలకు, వాటిని తిన్న పక్షులకు, చివరికి గుడ్లకు చేరింది. నీటిలో లీటరుకు మిల్లీగ్రాములో మూడో వంతే ఉన్నది, చేపల ఒంట్లో వందల రెట్లు పేరుకుంది. గంబూసియా చేపలు తప్ప మిగతావన్నీ మాయమయ్యాయి. 1983లో వన్యప్రాణి శాఖ శాస్త్రవేత్తలు గూళ్ళు వెతికితే కళ్ళు లేని, ముక్కులు వంకరపోయిన, కాళ్ళూ రెక్కలూ ఎదగని పిల్లలు కనిపించాయి.

1985లో అక్కడి కేంద్ర ప్రభుత్వం చెరువులు మూయమని ఆదేశించింది. 1986 నాటికి పొలాల గొట్టాలకూ బిరడాలు పడ్డాయి. పక్షులు చచ్చాయి. రైతుల నీటికి దారి మూసుకుపోయింది. కాలువను సగంలో ఆపింది రైతులు కాదు, కష్టం మాత్రం వాళ్ళ నెత్తిన పడింది.

ఇది మన దేశంలోనూ ఉంది. పంజాబ్‌లో షహీద్ భగత్ సింగ్ నగర్ (పాత పేరు నవాంశహర్), హోషియార్‌పూర్ జిల్లాల కొన్ని ఊళ్ళలో మట్టిలోనే సెలీనియం ఎక్కువ. ఆ నేలలో పెరిగిన మేత తిని పశువుల వెంట్రుకలు రాలాయి, గిట్టలు చీలాయి, కొమ్ములు ఊడాయి. వరి వచ్చి తడులు పెరిగాక సమస్య ముదిరింది. జిప్సం వేస్తే పైరు పీల్చే సెలీనియం తగ్గుతుందని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చూపారు.

సెలీనియం కొద్దిగా పశువుకు అవసరమే. అతి అయితేనే విషం. 2009లో అమెరికాలోని ఫ్లోరిడాలో బలం మందులో మోతాదు తప్పి 21 పోలో గుర్రాలు చనిపోయాయి. కాబట్టి ఖనిజ మిశ్రమం చెప్పినంతే పెట్టండి. డాక్టరును అడగకుండా సూదిమందు వేయించకండి.

మన పొలాల మురుగు కూడా డ్రెయిన్లలో పడి కొల్లేరు లాంటి చోట్లకే చేరుతోంది. అక్కడ సెలీనియం ఉందని మేము అనడం లేదు. అడగాల్సింది అడగమంటున్నాం. కొత్త కాలువ మంజూరు చేసేటప్పుడే మురుగు ఎటు పోతుందో చెప్పాలి. మట్టి, బోరు నీరు, మేత ప్రభుత్వ ఖర్చుతో పరీక్షించాలి. ఆ ఫలితాలు ఊళ్ళో చదివి వినిపించాలి. పశువుల గిట్టలు ఊడాక, గూళ్ళు ఖాళీ అయ్యాక వచ్చే విచారణ కమిటీలు మనకు వద్దు. ముందే అడుగుదాం, కలిసి అడుగుదాం.