పాత కారు పలుకులు: బ్రేకులును, రోడ్డు రొదయు



మొఱిగెడు కుక్క కఱవదని మన పెద్దలు చెప్పుదురు. పాత కారు విషయమున నీ సామెత మూడింట నొక పాలు మాత్రమే నిజము. కారులో మొఱిగియు కఱవని లోపములు కొన్ని కలవు. మొఱిగి కఱచునవి కొన్ని కలవు. మొఱుగకయే కఱచునవి మఱికొన్ని కలవు. ఏ లోప మే జాతికి చెందినదో గుర్తెఱిగినవాడు తక్కువ సొమ్ముతో నెక్కువ క్షేమమును పొందును. ఎఱుగనివాడు తలుపుల గలగలను మాన్పుటకు వేలు వ్యయపఱచి, బ్రేకుల సంగతి మఱచి, రోడ్డెక్కును. ఈ భేదమును వివరించుటయే నేటి ప్రసంగమున నా యుద్దేశము.

ఉరవకొండ ప్రాంతమున నిది ప్రొద్దుపుచ్చుటకు చెప్పుకొను ముచ్చట గాదు. పాముపడగను బోలిన కొండ క్రింద వెలసిన యీ యూరినుండి కూడేరు మీదుగా అనంతపురము సుమారు 50 కిలోమీటర్ల దూరము. ప్రసవవేదన పడు స్త్రీనైనను, గుండెనొప్పి వచ్చిన వృద్ధునైనను పెద్దయాసుపత్రికి చేర్చవలసివచ్చినపుడు, అర్ధరాత్రమున పిలిచినంతనే కదలివచ్చునది యొక్కొక్కప్పుడు పొరుగువారి పాత కారే. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు జిల్లా యిది. వేరుసెనగ పండని యేట క్రొత్త బండి మాట యెవరు తలపెట్టుదురు? 2019లో పెనుకొండ చెంత ఎఱ్ఱమంచి కడ కియా కర్మాగారము క్రొత్త కార్లను వెలికి పంపసాగెను గాని, బీదవానికి దిక్కు పాతబండియే. మారుతి 800 తయారీయు, అంబాసిడరు తయారీయు 2014లోనే నిలిచిపోయినవి. అట్టి బండి నింకను నడుపుకొనువాడు దాని మాట దానినుండియే విని తెలిసికొనవలెను. ఎద్దులబండి తోలువాడు ఇరుసు చప్పుడును బట్టియే కందెన తఱిగినదని గ్రహించెడివాడు గదా! ఆ నేర్పే యిచ్చటను కావలయును.

మొదట బ్రేకు పనిచేయు విధమును రెండు మాటలలో చెప్పెదను. మూసియున్న పాత్రలోని ద్రవముపై నొకచోట కలిగించిన యొత్తిడి తగ్గక యన్ని వైపులకును ప్రాకునని 17వ శతాబ్దమున పాస్కలను ఫ్రెంచి పండితుడు తెలిపెను. ఆ సూత్రమే నేటి బ్రేకులకు మూలము. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గు కారు నాలుగు చక్రములకును ద్రవపు బ్రేకులతో వెలువడెను. ఫోర్డు కంపెనీ 1939 నమూనాలలో వీనిని స్వీకరించెను. పాదముతో పెడలును నొక్కగా మాస్టరు సిలిండరులోని బ్రేకు ఆయిలు గొట్టముల వెంట పోయి చక్రముల కడనున్న పిస్టనులను నెట్టును. అవి ప్యాడులను డిస్కునకో, షూలను డ్రమ్మునకో అదిమి చక్రమును నిలుపును. ద్రవము నొక్కుకొనిపోదు, గాలియు, ఆవిరియు నొక్కుకొనిపోవును. ఈ యొక్క వాక్యమును గుర్తుంచుకొనినచో, మున్ముందు చెప్పబోవు వానిలో సగము సులభముగా బోధపడును.

ఇక మొదటి జాతి: మొఱిగియు కఱవనివి. రాత్రి వాన కురిసిన మఱునాటి యుదయమున మొదటి రెండు మూడు బ్రేకులకు కీచుమను చప్పుడు వచ్చి, తరువాత మాయమగును. అది డిస్కుపై పట్టిన పలుచని త్రుప్పు రాలిపోవు ధ్వని, భయపడ నక్కఱలేదు. కంకర రోడ్డుపై నడచిన కారులో చిన్నరాయి యొకటి డిస్కునకును దాని వెనుకనున్న రేకునకును నడుమ చిక్కుకొని, ఇనుము కోసినట్లు అఱచును. కొంచెము వెనుకకు నడిపినచో నొక్కొక్కప్పుడు తానే జాఱి పడును. లేనిచో చక్రమును విప్పి తీయవలెను. మన యెండలకు తలుపుల చుట్టునున్న రబ్బరు గట్టిపడి పగులును. వేగము హెచ్చినకొలది గాలి యీలవేయును. తలుపు సందుపై కాగితపు టేపు నంటించి నడిపిచూడుడు. ఈల తగ్గినచో దోషము రబ్బరుదే. గరుకు తారు రోడ్డుపై హోరుమని, నున్నని రోడ్డుపైకి రాగానే శాంతించు చప్పుడు చాలవఱకు టైరునకును రోడ్డునకును జరుగు సంభాషణమే. ఇవి చెవికి బాధ కలిగించునే కాని ప్రాణమునకు గాదు.

రెండవ జాతి మొఱిగి కఱచునది. దీనిలో ముఖ్యమైనది చక్రపు బేరింగు. దీని గుర్రుమను ధ్వని వేగముతో పాటు హెచ్చును. రోడ్డు గరుకైనను నున్ననైనను మాఱదు. ఇదియే టైరు రొదకును దీనికిని గల మొదటి భేదము. నిర్జనమైన తిన్నని రోడ్డుపై, మితమైన వేగమున, స్టీరింగును మెల్లగా ఎడమకు త్రిప్పుడు. బరువు కుడివైపు చక్రములపై వ్రాలును. అప్పుడు రొద హెచ్చినచో కుడి బేరింగును, కుడికి త్రిప్పినపుడు హెచ్చినచో ఎడమ బేరింగును అనుమానింపవలెను. అదే వేగమున గేరును న్యూట్రలునకు తెచ్చి వినుడు. చప్పుడు మాఱక నిలిచినచో, దోషము ఇంజినులో గాక చక్రముల దెసనే యున్నదని తలపవచ్చును. ఈ పరీక్షలో ఇంజినును మాత్రము ఆర్పరాదు. ఆర్పినచో బ్రేకునకు బలమిచ్చు బూస్టరు నిస్సహాయమగును. పిమ్మట గట్టినేలపై కారును జాకీతో నెత్తి, క్రింద స్టాండులుంచి, చక్రమును పైనను క్రిందను పట్టి ఊపిచూడుడు. టకటకమని కదలినను, చేత త్రిప్పినపుడు గరగరలాడినను బేరింగు పని ముగిసినట్లే. పూర్తిగా పాడైన బేరింగు చక్రమునే విడిచిపెట్టగలదు.

టైరుపై అఱచేతితో ముందునకొకసారి, వెనుకకొకసారి నిమిరిచూడుడు. ఒక దిక్కున నున్నగాను, వేఱొక దిక్కున రంపపు పండ్లవలెను తగిలినచో, అది అలైన్‌మెంటు చెడిన గుర్తు. గుంటలు గుంటలుగా అరిగినచో షాకబ్సార్బరులు బలహీనపడిన గుర్తు. ముందు చక్రములను వెనుకకు మార్చినపుడు రొదయు వెనుకకు పోయినచో దోషి టైరే. అయినను టైరును మాత్రము మార్చి ఊరకుండుట రోగమును విడిచి వాపునకు మందు పూయుట వంటిది.

బ్రేకు నొక్కినపుడు మాత్రమే వచ్చు చప్పుళ్లు వేఱు. వానకాలముతో పనిలేక ప్రతిదినమును సన్నని కీచు వినబడినచో, ప్యాడు అరిగి, హెచ్చరిక కొఱకు అమర్చిన చిన్న రేకు డిస్కును తాకుచున్నదేమో చూడవలెను. 3 మిల్లీమీటర్లకు దిగిన ప్యాడును మార్చుట మేలు. ఆ కీచును లెక్కసేయక నడిపినచో, కొన్నాళ్లకు ఇనుము నినుము రాచు కఱకు ధ్వని వచ్చును. నాడు ప్యాడులతో పోవలసిన ఖర్చు డిస్కులవఱకు పెరుగును. గోటితో పోవుదానికి గొడ్డలి కావలసివచ్చుట యిదియే. పెడలు పాదము క్రింద అదరినచో డిస్కు మందము హెచ్చుతగ్గులైనదనియో, డ్రమ్ము గుండ్రతనము తప్పినదనియో తలపవలెను. నొక్కగానే ధడేలుమను శబ్దము వచ్చినచో ముందుగా చక్రపు నట్టులను, తరువాత బుష్షులను చూపింపుడు.

కారు ఒక ప్రక్కకు లాగుట మఱియొక గుర్తు. ఇచ్చట పలువురు పొరబడుదురు. కారు ఎడమకు లాగినచో ఎడమ చక్రమే దోషి యనుకొందురు. కుడి చక్రపు బ్రేకు పట్టకపోయినను కారు ఎడమకే లాగును! కావున రెండు ప్రక్కలను విప్పి పోల్చిచూడవలెను. బ్రేకు నెక్కువగా వాడక పది కిలోమీటర్లు నడిపి ఆపి, ఒక్కొక్క చక్రపు నడిబొడ్డుకు చేయి తాకింపక దగ్గఱగా నుంచుడు. ఒకటి మాత్రమే సెగలు గ్రక్కుచున్నచో, ఆ బ్రేకు విడువక పట్టియున్నదన్నమాట. రేగడిచేలలో తిరిగిన బండ్లకు ఎండిన మన్ను హ్యాండుబ్రేకు కేబులులో గట్టిపడి వెనుక షూలను వదలనీయకపోవుటయు కలదు.

మూడవ జాతి మొఱుగకయే కఱచునది. అన్నిటికంటె వెఱవదగిన దిదియే. సాధారణమైన బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. మనది ఎండుసీమ గదా, తేమ యెక్కడిదని యేమఱరాదు. వానకాలపు గాలి చాలును, ఏండ్లు చాలును. డాట్ 3 రకపు ఆయిలు క్రొత్తదైనపుడు 205 డిగ్రీల వేడికి దిగువను మరుగరాదు. నూటికి 3.7 పాళ్లు నీరు చేరినపుడు ఆ హద్దు 140 డిగ్రీలకు దిగును. డాట్ 4 రకమునకు నీ హద్దులు 230, 155. ఉరవకొండ వీధులలో తిరుగునంతకాలము నీ లోపము బయటపడదు. తిరుమల యాత్రకు పోయి, 1944లో ఏర్పడిన మొదటి ఘాటురోడ్డున దిగునపుడు బయటపడును. సుమారు 700 మీటర్ల ఎత్తునుండి వేయి కిలోల కారు దిగివచ్చుటలో బ్రేకులే యంతభారమును మోసినచో, పుట్టు వేడి రెండున్నర లీటర్ల నీటిని ఆవిరిగా మార్చుటకు చాలును! ఆయిలులోని నీరు మరిగి ఆవిరియైనచో, పాదము క్రింద పెడలు మెత్తగా క్రిందికి పోవును, కారు ఆగదు. అందుచేతనే రెండేండ్లకొకసారి ఆయిలును పూర్తిగా మార్చవలెననియు, దిగుడులో తక్కువ గేరున దిగవలెననియు చెప్పుట. ఆయిలు చాలనపుడు ఇంజిను ఆయిలును పోయుట మహాపరాధము. అది లోపలి రబ్బరు సీళ్లను ఉబ్బించి చెఱచును. మూతపై నే రకము వ్రాయబడియున్నదో ఆ రకమునే పోయవలెను.

ఇట్టి మూగ లోపములను పాదమే కనిపెట్టవలెను. ఉదయమున బండి కదలకముందు అరనిమిషము చాలును. పెడలు స్పంజివలె మెత్తగానుండి, రెండు మూడుసార్లు నొక్కగా పైకి లేచినచో గొట్టములలో గాలి చేరినది. మొదట లోతుగా పోయి, రెండవమాఱు గట్టిగా ఎత్తున నిలిచినచో వెనుక డ్రమ్ములలోని షూలను సరిచేయవలసియున్నది. ఒకే బలముతో నొక్కి పట్టినపుడు మెల్లమెల్లగా క్రుంగిపోయినచో మాస్టరు సిలిండరులోని సీలు చెడినది, లేదా ఎచ్చటనో ఆయిలు కారుచున్నది. అట్టి కారు ఇల్లు కదలరాదు. పెడలు ఱాయివలె నున్నచో, ఇంజినును ఆర్పి నాలుగైదుసార్లు నొక్కి, నొక్కిపట్టియే మరల స్టార్టు చేయుడు. పెడలు కొంచెము దిగినచో బూస్టరు పనిచేయుచున్నది. దిగనిచో దానిని, దాని గొట్టమును చూపింపుడు. డబ్బాలో ఆయిలు మట్టము హఠాత్తుగా దిగినపుడు పైన పోసి తృప్తిపడక, చక్రముల లోపలివైపు తడి యున్నదేమో వెదకుడు.

టైరు వయస్సు నిట్టి మూగ లోపమే. ప్రక్కగోడపై నాలుగంకెలుండును. 2319 అనియున్నచో అది 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు పైనున్నను, ఎండకు ఎండి గట్టిపడి ప్రక్కల పగుళ్లు తేరిన టైరు రోడ్డును సరిగా పట్టదు.

ఇది యంత ముఖ్యమా యనువారికి చిన్న లెక్క. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక సెకనులో ఇంచుమించు 17 మీటర్లు సాగును. మేకలమంద అడ్డు వచ్చినదని మనస్సు గ్రహించి పాదము కదలులోపలనే అంత దూరము గడచును. మంచి బ్రేకులు మఱి 23 మీటర్లలో ఆపినచో, సగము బలముగల బ్రేకులకు 46 మీటర్లు కావలెను. వేగము రెట్టింపైనచో ఆగు దూరము నాలుగు రెట్లగును.

కావున ఖర్చునకు నొక క్రమ మేర్పఱచుకొనుడు. చేతిలో కొద్ది సొమ్మే యున్నపుడు మొదట బ్రేకు ఆయిలు, గొట్టములు, సీళ్లు; తరువాత ప్యాడులు, షూలు; అటుపిమ్మట బేరింగులు, టైర్లు; ఆ పిమ్మట షాకబ్సార్బరులు, బుష్షులు; తలుపుల రబ్బరును, అడుగున పఱచు దుప్పట్లును అన్నిటికిని కడపట. కొందరీ క్రమమును తలక్రిందులు చేసి, ముందు రొదను కప్పుదురు. అట్లు చేయుట మొఱుగు కుక్క నోరు కట్టివేసి దొంగకు తలుపు తీయుటయే. ఇంకొక మాట: పాత బ్రేకు లైనింగులలో అస్బెస్టాసు ఉండవచ్చును. ఆ దుమ్మును నోటితోగాని పంపుగాలితోగాని ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను. బ్రేకు విప్పుట నేర్పరియైన మెకానిక్కు పని. వినుట మాత్రము మన పని. ఎప్పుడు, ఏ వేగమున, ఏ రోడ్డుపై, బ్రేకు నొక్కినపుడా విడిచినపుడా చప్పుడు వచ్చినదో చెప్పగలిగినచో అతనికి శ్రమయు, మనకు ఖర్చును సగము తగ్గును.

చప్పుడు వినబడకుండ రేడియోను పెద్దదిగా పెట్టుకొని కారు నడుపువారు కొందఱున్నారు. రేడియోలో మాటలాడుచున్న నేనే యీ మాట చెప్పుట వింతగా తోపవచ్చును. అయినను వారమునకొక్కనాడైనను కారులోని రేడియోను కట్టివేసి, అద్దములు దింపి, పది నిమిషములు కారు మాట వినుడని మిమ్ము వేడుచు సెలవు గైకొనుచున్నాను.