చెఱకుతోటకు చిన్ని కావలి



చెఱకు నాటిన తొలి మాసములలో మొవ్వు ఎండి, లాగినంతనే ఊడివచ్చుట మీ రెఱుగుదురు. అది పీకపురుగు చేసిన కీడు. పురుగు పిలకలో దూరిన పిమ్మట మందు దానిని చేరుట కష్టము. కావున గ్రుడ్డుగా నున్నపుడే దానిని రూపుమాపవలెను.

ఆ పని చేయునది ట్రైకోగ్రామా అను కందిరీగ. దాని పొడవు మిల్లీమీటరునకు లోపు, మనుష్యుని కుట్టదు. పీకపురుగు తల్లియగు రెక్కలపురుగు ఆకుల అడుగున పెట్టిన గ్రుడ్లలో ఇది తన గ్రుడ్డును చొప్పించును. లోపలి పిల్ల ఆ సారమును తిని పెరుగును, గ్రుడ్డు నల్లబడును, వారము పది దినములలో పురుగునకు బదులు కందిరీగ వెలువడును. పొదిగి బయటపడిన పురుగును మాత్రము ఇది ఏమియు చేయజాలదు. ఆలస్యమైనచో ఫలము లేదు.

ప్రయోగశాలలలో ఈ కందిరీగను బియ్యములో పుట్టు ఒక రెక్కలపురుగు గ్రుడ్లలో పెంచి, ఆ గ్రుడ్లను అట్టలకు అంటించి ఇత్తురు. నాటిన నెల దినములనుండి, వారము పది దినముల కొకమారు, ఎకరమునకు సుమారు 20,000 ఈగల చొప్పున, అట్టముక్కలను చల్లని పూట ఆకుల అడుగున గ్రుచ్చవలెను. ఆ దినములలో విషపుమందు చల్లినచో పగవానితోపాటు కావలివానిని గూడ చంపినవార మగుదుము.

కొందఱు ప్రయోగశాలలో మొగ్గకొననుండి పెంచిన, తెగులులేని చెఱకు మొక్కలను నాటుచున్నారు. అవి మేలైనవే, కాని పీకపురుగు వానిని విడువదు. మంచి మొక్కకును కావలి వలయును. పెద్దలైన మీరు ఈ మాట రచ్చబండకడ నలుగురికిని చెప్పుదురు గాక.