శ్రీశైలం జలాశయం: ఇచ్చింది, ముంచింది

శ్రీశైలం గేట్లు ఎత్తారని వార్త రాగానే పిల్లాపాపలతో బయల్దేరేవాళ్లు చాలామందే. చూడదగ్గ దృశ్యమే, కాదనను.

ఈ డ్యామును మొదట తలపెట్టింది కరెంటు కోసం. సాగునీరు తర్వాత తోడైంది. ఇవాళ పోతిరెడ్డిపాడు దగ్గర మళ్లిన కృష్ణ నీళ్లు రాయలసీమ పొలాలకు, తెలుగుగంగ ద్వారా చెన్నై కుళాయిలకు చేరుతున్నాయి. కల్వకుర్తి ఎత్తిపోతల పాలమూరు చేలను తడుపుతోంది. ఎడమగట్టున భూగర్భంలో ఉన్న యంత్రాలైతే కరెంటు వాడకం తగ్గిన వేళ దిగువ నీటిని మళ్లీ పైకి తోడగలవు.

మరి దీనికి మూల్యం చెల్లించిందెవరు? కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊళ్లు మునిగాయి. 1981లో ఇళ్లు కూల్చి మరీ ఖాళీ చేయించారు. ఇంటికో ఉద్యోగం ఆశ చూపిన జీవో 98 వచ్చింది 1986లో. దాన్ని పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడంలోనే ఒక తరం గడిచిపోయింది. పరిహారం ముందు, నీళ్లు తర్వాత అనే వరుస పాటించకపోవడమే నా దృష్టిలో అసలు తప్పు.

పూడిక సంగతి మరొకటి. మొదట 308 టీఎంసీలు పట్టిన జలాశయం ఇప్పుడు పట్టేది 215 టీఎంసీలే. వరదను ఆపుతుందన్న ధీమాకూ హద్దుంది. 2009 అక్టోబరులో ఎగువన కర్నూలు నగరమే నీట మునిగింది.

ఈ జలాశయంలోనే మునిగిన సంగమేశ్వరాలయం మాత్రం ఏటా వేసవిలో నీళ్లు తగ్గాక బయటపడుతుంది. భక్తులు వెళ్లి పూజలు చేసుకుంటారు, మళ్లీ వరద వచ్చేదాకా.