ప్రార్థనకు వేరే తెలుగు కావలెనా?



శతవార్షికోత్సవ సంచిక కొరకు సాక్ష్యములు వ్రాసి ఇమ్మని మిమ్మును కోరియున్నాము. వచ్చినవాటిలో ఒకటి వరినాట్లకు పోయే ఒక తల్లిది. ఆమె చెప్పగా కుమారుడు వ్రాసినాడు. "మా ఆయన పోయినప్పుడు ఇంట్లో గింజ లేదు. సంఘంవాళ్లు బియ్యం తెచ్చి పెట్టారు. దేవుడే మా గుమ్మం తొక్కాడనుకున్నాను." అంతే.

మేము దానిని దిద్దినాము. "నా పెనిమిటి ప్రభువునందు నిద్రించిన దినములలో మా గృహమున ఆహారము కొదువై యుండెను. అంతట ప్రభువు తన బిడ్డల ద్వారా మమ్మును దర్శించెను" అని వ్రాసి, ఆమెకు చదివి వినిపించినాము. ఆమె శ్రద్ధగా విని, "బాగుందండి అయ్యగారూ, ఇది ఎవరిదండి?" అని అడిగినది.

ఆ ప్రశ్నతోనే ఈ వేళ మీ యెదుట నిలువబడియున్నాము.

మనకు ఈ రెండు తెలుగుల అలవాటు ఎక్కడనుండి వచ్చినది? మన ఊరి పేరే చూడండి. పండితులు నిరవద్యపురమన్నారు, గ్రంథాలలో నిడుదవోలు అని కనబడుతుంది, రైలు దిగేవారు నిడదవోలు అంటారు. మూడూ మన ఊరే. బైబిలు సంగతి కొంత వేరు. 1720లలో షుల్జ్ దొరగారు క్రొత్త నిబంధనను తెలుగు చేసినారు గాని అది అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం చేరిన డిగ్రాంజెస్ దొరగారు, ఆయనకు తోడైన ఆనందరాయరుగారు సువార్తలను అనువదించినారు. ఆ తరువాత 19వ శతాబ్దమంతా సవరణలు జరుగుతూనే ఉన్నవి. చిన్నయసూరిగారి బాలవ్యాకరణము 1858లో వెలువడిన కాలమది. పుస్తకమంటే గ్రంథభాషలోనే ఉండవలెనని చదువుకున్నవారందరూ నమ్మినారు.

ఇది మన ఒక్కరి సంగతే కాదు. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లీషు బైబిలును సవరించి, 1881లో క్రొత్త నిబంధనను, 1885లో పాత నిబంధనను వెలువరించినారు. ఆ సవరణ సంఘానికి పెట్టిన నియమాలలో ఒకటి, మార్పులు చేసినచోట కూడా సాధ్యమైనంతవరకు 1611 నాటి అనువాదపు భాషనే, అంతకు ముందటి అనువాదాల భాషనే వాడవలెనని. అనగా ఆ పెద్దమనుష్యులు ఇంట్లో ఒక ఇంగ్లీషు మాట్లాడి, బల్లముందు కూర్చుండి తాతల ఇంగ్లీషు వ్రాసినారు!

పర్లాకిమిడి గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాష కొరకు పోరాడినారు. ఎక్కువగా గ్రాంథికములో వ్రాసిన కందుకూరి వీరేశలింగం పంతులుగారే, 1919లో రాజమహేంద్రవరంలో వాడుకభాష కొరకు ఏర్పడిన సమాజానికి అధ్యక్షులైనారు. మనకు గోదావరి దాటితే ఆ ఊరే. పత్రికలు మారినవి, బడిపుస్తకాలు మారినవి. వాడుకభాషలో బైబిలు అనువాదాలు సైతం వచ్చినవి. మన ప్రార్థన మాత్రం మారలేదు.

మార్చి చెప్పడం మొదట సులువుగానే ఉంటుంది. "చెప్పాడు" అన్నది "చెప్పెను" అవుతుంది, "చేస్తాను" అన్నది "చేసెదను" అవుతుంది. చిక్కంతా సగం తెలిసినవానితోనే. గంభీరంగా ఉండవలెనని "చేయుచున్నవాడవై యున్నావు" అని ముడి వేసి, విప్పలేక "ఆమేన్" అంటాడు. కళాశాలనుండి వచ్చిన క్రొత్తలో మేమూ అట్లే చేసినాము. పెద్దలు ఓర్చుకున్నారు.

ఇంకొక వింత ఉన్నది. మీరు మమ్మును "తమరు" అంటారు, దేవుని "నీవు" అంటారు. ఇంగ్లీషువారికి ప్రార్థనలోని ఆ పాత ఏకవచనం వాడుక తప్పి, క్రమేణా గౌరవవాచకంగా తోచింది. మనకు అట్లు కాలేదు. అమ్మను పిలిచే పిలుపే అది. అంత దగ్గర పిలుపుతో మొదలుపెట్టి, తరువాతి మాట కొరకు నిఘంటువు వెదకడమెందుకు?

అయితే పాత భాషను తీసివేయమని మేము అనము. సమాధి దగ్గర ఇరువదిమూడవ కీర్తనను వాడుకమాటలలో చదివితే మాకే గొంతు పలుకదు. చదువురాని ముసలమ్మలు దానిని కంఠస్థం చేసియున్నారు, అది వారి సొత్తు. పిల్లలకు ఆ భాష నేర్పవలసినదే, చదివి గ్రహించుటకు. ఆ భాష రాదని నోరు మూసుకునేవారి సంగతే మాకు బాధ. గ్రీకు నేర్చుకున్నప్పుడు మాకు తెలిసినదేమనగా, క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకు ఆనాడు సామాన్యులు వాడుకున్న గ్రీకు. ఐగుప్తు ఇసుకలో దొరికిన ఉత్తరాలు, బాకీ పత్రాలు ఇంచుమించు అదే భాషలో ఉన్నవి. అది తెలిసియుండి కూడా ఆ తల్లి మాటను దిద్దినాము. తప్పు మాదే.

ఆమె కాగితాన్ని ఆమె చెప్పినట్టే అచ్చుకు పంపినాము. వచ్చే బుధవారం గృహకూడిక వారి ఇంటిలో. ప్రార్థన ఆమెనే చేయుమని అడిగినాము. "నాకు రాదండి" అన్నది. మరల అడుగుతాము.