గోస్తనీ సముద్రంలో కలిసే చోట

 

ఈసారి సంఘం తరఫున వెళ్లొచ్చిన యాత్ర గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. "భీమిలి బీచ్‌కే కదా, దానికి ఉపన్యాసం ఎందుకు?" అని కొందరు నవ్వారు. బీచ్ చూడటానికైతే నిజంగానే అక్కర్లేదు. మేం వెళ్లింది గోస్తనీ సముద్రంలో కలిసే చోటు చూడటానికి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయంలో కాస్త ఆగి, సుమారు 120 కిలోమీటర్లు నడిచి ఆ ఏరు భీమిలి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. దాన్ని పుట్టిన చోట మనలో చాలామందిమి చూశాం. కలిసే చోట మాత్రం, మా బస్సులో ఉన్నవాళ్లలో ముగ్గురే అంతకుముందు చూశారు.

బొర్రా కథ మీకు తెలిసిందే, అయినా ఇంకోసారి చెప్పుకుందాం. ఒక ఆవు మేస్తూ మేస్తూ గుహ పైనున్న బిలంలో పడిపోయింది. కాపరి వెతుక్కుంటూ లోపలికి దిగాడు. చీకట్లో లింగంలాంటి రాయి కనబడింది, ఆవు బతికే ఉంది. ఆ దేవుడే కాపాడాడని ఊరంతా మొక్కింది. ఆ ఆవు పొదుగు నుంచే ఏరు పుట్టిందంటారు. గోవు స్తనం, గోస్తనీ. మన పిల్లలు కాలేజీకి వెళ్లాక ఈ కథ చెప్పడానికి మొహమాటపడుతున్నారు, అది మూఢనమ్మకమని ఎవరో అన్నారట. మాకైతే అలా అనిపించదు. సున్నపురాయిని కరిగించుకున్న నీరు పైకప్పు నుంచి బొట్టుబొట్టుగా రాలుతుంది, వేల ఏళ్లకు అక్కడ రాయి పొదుగులా, చన్నులా వేలాడుతుంది. ఆ రాళ్లను ఒక్కసారి చూసినవాళ్లెవరికైనా ఆవే గుర్తొస్తుంది. కథ కట్టినవాళ్లు రాతిని బాగా చూశారు. నీరు ఆ రాతిలోంచే వస్తోందని కూడా గమనించారు. సైన్సు పుస్తకం చెప్పేదీ దాదాపు అదే.

కిందికి దిగితే కథ మారిపోతుంది. భీమిలిలో ఆవు లేదు, భీముడున్నాడు. బకాసురుణ్ణి భీముడు చంపింది ఇక్కడేనని, అందుకే భీమునిపట్నమని స్థానికులు చెబుతారు. నిజామాబాద్ జిల్లా బోధన్ వాళ్లు కూడా బకాసురుడు మా ఊరివాడే అంటారు, ఆ పంచాయితీ మనకొద్దు. మాకు పట్టిన విషయం వేరు. భీముడి కథ చాలా పుస్తకాల్లో దొరుకుతుంది. మన ఆవు కథ మాత్రం ఎప్పుడూ రెండు మూడు వాక్యాల్లోనే అచ్చవుతుంది. ఆ కాపరి ఎవరు, ఏ ఊరివాడు, ఆవును ఏమని పిలిచాడు? అచ్చులో ఎక్కడా లేదు.

ఏరు కలిసే చోట ఇసుక తిన్నె మీద కూర్చున్నాం. వలలు బాగుచేసుకుంటున్న ఒక తాతను మా పిల్లలు "ఈ నీళ్లెక్కడివి తాతా?" అని అడిగారు. "కొండలోవి. తొలి వానకి ఎర్రగా దిగితే మీ కాడ గట్టిగా కురిసిందని మాకు తెలుస్తాది" అన్నాడు. మన వాన కబురు ఆయనకు అందుతోంది. ఆయన కబురే మనకు అందడం లేదు.

అక్కణ్ణుంచి బీచ్ రోడ్డు మీద విశాఖ వైపు వస్తే ఎర్రమట్టి దిబ్బలు. పేరుకు మట్టి, చేతిలోకి తీసుకుంటే ఇసుక. సుమారు 20 వేల ఏళ్ల కిందట సముద్రం ఇప్పటికంటే వంద మీటర్లకు పైగా కిందికి ఉండేది. అప్పుడు బయటపడ్డ ఒడ్డు ఇసుకను గాలి ఎత్తి పోసింది. దానిలోని ఇనుము ఖనిజాలు తుప్పుపట్టి రేణువులకు ఎర్రరంగు అద్దాయి. 2014లో వీటిని జాతీయ భూవారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరాయి. ఇక మా పిల్లల్ని నిలబెట్టేసిన సంగతి చెబుతాను. ఆ ఇసుకలో చాలావరకు తూర్పు కనుమల రాళ్లు అరిగి వచ్చింది. ఆ కనుమల్లో విస్తారంగా ఉండే రాయి పేరు ఖోండలైట్. టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1902లో ఆ పేరు పెట్టాడు, ఖోండుల పేరు మీద. అంటే మన కోదుల పేరు మీద! ప్రపంచంలో ఎక్కడ ఆ రాయి దొరికినా దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. మా బస్సులో ఉన్న కోదు పిల్ల ఒకతి పిడికెడు ఇసుక పట్టుకుని చాలాసేపు చూసి మళ్లీ అక్కడే వదిలేసింది. ఆ ఇసుక తీసుకురాకూడదని ముందే చెప్పాంలెండి.

దిబ్బలను తవ్వి మట్టి ఎత్తుకుపోతారన్న భయం అక్కడివాళ్లకు ఎప్పుడూ ఉంది. ఆ భయం మనకు కొత్త కాదు. బొర్రా చుట్టుపక్కల ఊళ్లలో గనుల లీజుల మీద నడిచిన కేసే సమత కేసు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు పేరు దేశంలో లా చదివే పిల్లలందరికీ తెలుసు. మన పిల్లల్లో ఎందరికి తెలుసని బస్సులో అడిగాం, ఇద్దరు చేతులెత్తారు. ఆ కొండ తవ్వేసి ఉంటే ఆవు కథ చెప్పుకోవడానికి బిలం ఎక్కడుండేది? అటు నుంచి వచ్చే నీళ్ల మాట సరేసరి. తాటిపూడి నీళ్లు విశాఖ నగరం కూడా తాగుతోంది.

కాబట్టి వచ్చే యాత్ర ఎదురు దిక్కున పెట్టుకున్నాం. భీమిలి నుంచి ఏటి వెంట పైకి, బొర్రా దాకా. రావాలనుకున్నవాళ్లు పేరు ఇచ్చేటప్పుడు ఒక పని చేసుకు రండి. మీ అవ్వనో తాతనో కూర్చోబెట్టి ఆవు కథ చెప్పించుకుని ఫోన్‌లో రికార్డు చేయండి. కువిలో చెబితే కువిలోనే, కూబిలో చెబితే కూబిలోనే, ఆదివాసీ ఒడియాలో చెబితే అలాగే. తెలుగులోకి మార్చి చెప్పమనకండి. మీ ఊరి దగ్గర ఏటికి, గెడ్డకు, మలుపుకు ఉన్న పేర్లు కూడా అడగండి. ఒక్కో ఊళ్లో కథ ఒక్కోలా వస్తుంది, ఏది అసలుదని తగువులాడొద్దు, అన్నీ తెండి. బస్సులో చాలా దూరం ఉంటుంది, అన్నీ వినొచ్చు.