ఆరోగ్యశ్రీ కార్డు ఉంది, కళ్ళద్దాలు ఏవి?

(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుండి ఈ వేదికపై రిజర్వేషన్ల గురించి, వక్ఫ్ భూముల గురించి, ఉపకార వేతనాల గురించి పెద్దలు మాట్లాడారు. మేము కళ్ళద్దాల గురించి మాట్లాడదలచాము. ఇది చిన్న విషయమని కొందరికి అనిపించవచ్చు. సూదిలో దారం ఎక్కించలేక పని మానుకున్న తల్లిని అడిగితే చిన్నదో పెద్దదో ఆమె చెబుతుంది.

మగ్గం పని చేసే ఒక ఖాలా కొంతకాలం క్రితం మా వద్దకు వచ్చారు. వయసు యాభైకి దగ్గర. జరీ పోగు సరిగా కనబడడం లేదు. పూసలు వరుస తప్పుతున్నాయని పని ఇచ్చేవారు చీరలు తగ్గించారు. మేము ఆమె కార్డు చూసి, "ఆరోగ్యశ్రీ ఉంది కదా, ఖర్చేమీ కాదు" అని ధైర్యం చెప్పి, ఆ కార్డు తీసుకునే ఒక కంటి ఆసుపత్రి పేరు రాసిచ్చి పంపాము. ఆమె ఒక రోజు కూలి వదులుకుని, రెండు బస్సులు మారి వెళ్ళారు. అద్దాలకు ఈ కార్డు వర్తించదని కౌంటరులో చెప్పారు. పరీక్షకూ అద్దాలకూ కలిపి వారడిగిన డబ్బు ఆమె వద్ద లేదు. తిరిగివచ్చి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "ముందే చెప్పి ఉంటే ఆ రోజు పని పోయేది కాదు కదా బేటా" అన్నారు, అంతే.

ఆసుపత్రి వారు నిబంధన ప్రకారమే మాట్లాడారు. నిబంధన తెలుసుకోకుండా పంపిన తప్పు మాది. అప్పటినుండి మేము తెలుసుకున్నది ఈ రోజు మీ ముందు పెడుతున్నాము.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ గానీ, 2018లో కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ భారత్ గానీ ప్రధానంగా ఆసుపత్రిలో చేర్చుకుని చేసే చికిత్సల కోసం ఏర్పడినవి. ఆయుష్మాన్ పరిమితి కుటుంబానికి ఏటా 5 లక్షలు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. గుండె ఆపరేషన్‌కు లక్షలు ఇచ్చే కార్డు కొన్ని వందల రూపాయల కళ్ళద్దాల దగ్గర ఆగిపోతుంది. కాబట్టి "మా పేటలో ఈ కార్డు తీసుకునే కంటి పరీక్షకుడు ఎవరు?" అని వెతికితే సమాధానం దొరకదు. ఏ అవసరానికి ఏ గడప తొక్కాలన్నదే మనం అడగవలసింది.

నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడాన్ని మన పెద్దలు చత్వారం అన్నారు. నలభై అనే లెక్క ఆ మాటలోనే ఉంది. అది జబ్బు కాదు, అందరికీ వచ్చేదే. కానీ చేతిపని మీద బతికేవారికి అది జీతం కోత. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గరి చూపు అద్దాలిచ్చి చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. అద్దాలు లేనివారితో పోలిస్తే వారి పనితనం సుమారు 22 శాతం మెరుగుపడింది. బంగ్లాదేశ్‌లో జరిగిన మరో అధ్యయనం 2024లో వచ్చింది. అక్కడ అద్దాలు పొందినవారి ఆదాయం దాదాపు మూడోవంతు పెరిగింది. మగ్గం ముందు, బీడీల చాట ముందు, లక్క గాజుల కొలిమి ముందు కూర్చునే మన తల్లులకు ఈ లెక్క విప్పి చెప్పనవసరం లేదు.

ఇక గడపల సంగతి. శుక్లాలకు కార్డు గురించి ఆందోళన అక్కరలేదు. అంధత్వ నివారణకు 1976 నుండి నడుస్తున్న జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ, దానితో కలిసి పనిచేసే స్వచ్ఛంద ఆసుపత్రుల్లోనూ ఆపరేషన్ ఉచితం. చూపు పరీక్షకు హైదరాబాదులో మెహదీపట్నం సరోజినీదేవి ఆసుపత్రి, జిల్లాల్లో ప్రభుత్వ ఆసుపత్రుల కంటి విభాగాలు ఉన్నాయి. ఈఎస్ఐ ఉన్న ఇంట్లో కుటుంబ సభ్యులకు కూడా ఓపీ వైద్యం ఉంది. ఆ కార్డును బీరువాలో దాచుకున్న ఇళ్ళను మేము చాలా చూశాము. గుర్తింపు కార్డు ఉన్న బీడీ కార్మికులకు సంక్షేమ పథకంలో అద్దాల కొనుగోలుకు కొంత సహాయం ఉంది. అది చిన్న మొత్తమే, అయినా అడగాలి. ప్రభుత్వ బడి పిల్లలను బాల స్వాస్థ్య బృందాలు చూస్తాయి. ప్రైవేటు బడికీ మదరసాకూ వెళ్ళే పిల్లల సంగతి మాత్రం మనమే చూసుకోవాలి. నల్లబల్ల కనబడని పిల్లవాడికి "చదువు మీద శ్రద్ధ లేదు" అన్న పేరు పడడం ఎంత సులభమో ఉస్తాదులకు తెలుసు.

అద్దాల దుకాణాల గురించి ఒక మాట. యంత్రంలో చూసి వెంటనే నంబరు రాసిచ్చేచోట తొందరపడవద్దు. ఆ నంబరును కటకాలు మార్చి మార్చి, చదివించి సరిచూడాలి. పరీక్ష చేసే వ్యక్తి ఆప్టోమెట్రీ చదివారా అని మర్యాదగా అడగడంలో తప్పు లేదు. షుగరు ఉన్నవారు అద్దాలతో సరిపెట్టుకోరాదు. కంటి వెనుక పొరను డాక్టరు చూడాలి. మరొక సంగతి, ఇది మాకూ ఆలస్యంగానే తట్టింది. ఉర్దూ మాత్రమే చదవగలిగిన పెద్దవారి ముందు తెలుగు, ఇంగ్లీషు అక్షరాల పట్టిక పెడితే వారు చదవలేక సిగ్గుపడి మౌనంగా ఉంటారు. ఆ మౌనాన్ని చూపు లోపంగా రాస్తారు. నాలుగు దిక్కులకు తిరిగిన 'ఈ' గుర్తుల పట్టిక ఉంటుంది, వేలితో దిక్కు చూపితే చాలు. దాన్ని పెట్టమని అడగండి.

తెలంగాణలో 2018లో, మళ్ళీ 2023లో కంటి వెలుగు శిబిరాలు జరిగాయి. ఆంధ్రలో 2019లో మొదలయ్యాయి. ఊరూరా పరీక్ష చేసి అద్దాలివ్వడం ప్రభుత్వానికి సాధ్యమేనని వాటితో రుజువైంది. కానీ శిబిరం లేచిపోయాక నలభై నిండినవారు ఎక్కడికి పోవాలి? బస్తీ దవాఖానాలో వారానికి ఒక రోజు చూపు పరీక్ష, అక్కడే అద్దాలు. ఇదే మా కోరిక. దీనిపై వినతిపత్రం సిద్ధమైంది, బయట బల్ల మీద ఉంది.

అంతవరకు మేము పెట్టుకున్న నియమం ఒకటే. ఎవరినైనా పంపేముందు అక్కడికి ఫోను చేసి పరీక్ష ఉచితమా, అద్దాలు ఇస్తారా, ఏ రోజు రావాలి అని అడుగుతాము. స్త్రీ పరీక్షకురాలు ఉన్న రోజు ఏదో కూడా కనుక్కుంటాము. ఆ వివరాలు మస్జిద్ బోర్డు మీద ఉర్దూలోనూ తెలుగులోనూ రాస్తున్నాము. ఉచితంగా దొరకనివారికి జకాత్ సొమ్ము నుండి ఇస్తున్నాము. ఖాలాకు అలాగే ఇచ్చాము. ఆమె మళ్ళీ మగ్గం ముందు కూర్చుంటున్నారు. పోయిన చీరలన్నీ ఇంకా తిరిగి రాలేదు.